మురికి ఎక్కడ పడాలి

చి. మాధవికి,

ఆశీస్సులు. నీ ఫ్యాషన్ కోర్సు చివరి ఏడాది ప్రాజెక్టుకు కుట్టే బట్టలు మట్టిలో పనిచేసి వచ్చినట్టుండాలన్నావు, బాగుంది. ఫ్యాషన్ డిజైనర్ హుస్సేన్ చలాయన్ 1993లో బట్టల్ని ఇనుప రజనుతో తోటలో పాతిపెట్టాడని నువ్వూ పెరట్లో పాతకు. హైదరాబాద్ వానల్లో నూలుబట్టను చెదలకు అప్పగించినట్టే.

ముందు అరుగుదల, తర్వాతే మురికి. అరగని బట్టకు మరక పూస్తే నాటకాల వేషంలా ఉంటుంది. ఏదైనా మెకానిక్ షెడ్డు దగ్గర కాసేపు నిలబడి చూడు. చేతులు తుడుచుకునే తొడల మీద నలుపు పేరుకుంటుంది, కాలరు మడత వెలిసి పీచు లేస్తుంది, వీపున చెమట ఉప్పు తెల్లటి అంచు కడుతుంది. నీ మరకలూ ఆ లెక్కనే పడాలి.

అచ్చమైన నూలే తీసుకో. దారం కాల్చితే బూడిద రాలాలి. గట్టి పూస కట్టిందంటే పాలిస్టర్ కలిసింది, మరక సరిగా పట్టదు. గంజి పోయేదాకా వేడినీళ్లలో ఉతుకు, లేకపోతే మరక చారలు కడుతుంది. మోచేతుల్లో చుట్టిన తువ్వాలు దూర్చి 120 నంబరు గరుకు కాగితంతో రుద్దు. జీన్స్‌కు చిరుగు కావాలంటే నిలువు నీలం పోగులు లాగేసి, అడ్డం తెల్ల పోగులు వదిలెయ్. కత్తెరతో కోసిన చిల్లు ఇట్టే తెలిసిపోతుంది.

నలుపుకు మన కలంకారీ కిటుకే మేలు. బేగంబజార్‌లో కరక్కాయ పొడి తెచ్చుకో. లీటరు నీళ్లలో 50 గ్రాములు నానబెట్టి, వడగట్టి, బట్ట అరగంట ముంచి నీడన ఆరెయ్. తుప్పు మేకుల్ని సగం వెనిగర్, సగం నీళ్లలో నాలుగు రోజులుంచి, ఆ నీటిని పాత టూత్‌బ్రష్‌తో అద్దు. తాకిన చోటల్లా కళ్లముందే బూడిదరంగు తేలి నల్లబడుతుంది. మోతాదు మించనీయకు. ఇనుము నూలును తినేస్తుంది; పాత కలంకారీల్లో నల్లగీతల దగ్గరే గుడ్డ ముందు చివుకుతుంది. అందుకే రంగు తేలగానే వంటసోడా నీళ్లలో జాడించు. ఆ వెనిగర్ గిన్నె దగ్గరికి బ్లీచింగ్ తేనే తేకు, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది.

అంచుల ఎర్రదుమ్ముకు నిజం మట్టి వద్దు, రాలిపోతుంది. జాజు రంగు పొడిని జల్లించి, ఫాబ్రిక్ బైండర్‌లో (బట్టకు రంగు అంటించే జిగురులో) కలిపి, స్పాంజితో అద్ది, ఆరాక వెనకవైపు నుంచి ఇస్త్రీ చెయ్.

ఇసుక చిమ్మి అరగదీసే పని మాత్రం ఎవరికీ అప్పగించకు. ఆ ధూళితో కార్మికుల ఊపిరితిత్తులు పాడయ్యాయనే టర్కీ 2009లో దాన్ని నిషేధించింది.

మేకులు ఇవాళే నానెయ్. ముందు జానెడు గుడ్డ మీద చేసి, రెండుసార్లు ఉతికి చూపించు.

— మీ పెద్దమ్మ