విదేశీ కంపెనీలకు మెయిల్ పెడితే ఇంటర్న్‌షిప్ వస్తుందా? శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లొచ్చిన వాడి జవాబు

వస్తుంది తమ్ముడూ. శ్రీకాకుళంలో ప్రైవేట్ కాలేజీలో మెకానికల్ మూడో ఏడాది చదువుతున్నానని, యూరప్ కంపెనీలకు ఎన్ని మెయిల్స్ పెట్టినా ఒక్కరూ పలకడం లేదని, మన కాలేజీ పేరు చూసే పక్కన పడేస్తున్నారేమోనని అడిగావు. నేనూ ఈ జిల్లాలోనే అలాంటి కాలేజీలోనే చదివి, జర్మనీలో ఒక చిన్న కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేశాను. మన కాలేజీల్లో ఏది పెద్దది, ఏది చిన్నది అన్నది అక్కడివాళ్లకు తెలియనే తెలియదు. ఈ అబ్బాయికి మా పని గురించి ఏమైనా తెలుసా అని మాత్రం కచ్చితంగా చూస్తారు.

నువ్వు పెట్టిన మెయిల్ చదివాను. అందులో నీ మార్కులున్నాయి, నేర్చుకున్న సాఫ్ట్‌వేర్లున్నాయి, ‘మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో’ అన్న మాట ఉంది. ఆ కంపెనీ ఏం తయారుచేస్తుందో మాత్రం ఎక్కడా లేదు. అదే మెయిల్ ఎవరికైనా పంపొచ్చు కదా, అందుకే ఎవరూ తమకు వచ్చిందని అనుకోరు.

నా సంగతి చెప్తాను. మా మావయ్యకు పలాసలో జీడి ఫ్యాక్టరీ ఉంది. పిక్కలు ఉడకబెట్టి, కోసి, ఆరబెట్టి, పొట్టు తీశాక పప్పు గ్రేడింగ్‌కి వస్తుంది. రంగు చూసి వేరుచేసే మెషీన్ దగ్గర ఒక ఇబ్బంది ఉండేది. పప్పు వంపులో సన్నటి పొట్టు గీత మిగిలిపోతుంది. ఆ గీత కెమెరాకి అవతలి వైపు పడితే పప్పు పాసైపోతుంది. కాస్త నీడ పడితే చాలు, మంచి పప్పు కూడా రిజెక్ట్ డబ్బాలోకి పోతుంది. ఆడవాళ్లు కూర్చుని ఆ డబ్బాలో పప్పునంతా మళ్లీ చేత్తో ఏరేవారు. నేను ఆ పప్పును రెండు వైపులా ఫోటోలు తీసి, రిజెక్ట్ అయినదాంట్లో మంచిది ఎంతుందో తూచి రాసుకున్నాను. ఇలాంటి మెషీన్లు చేసే ఒక కంపెనీకి ఇదే రాశాను: ‘మీ మెషీన్ జీడిపప్పుకి కూడా పనికొస్తుందని మీ బ్రోషర్‌లో చూశాను. మా దగ్గర ఎదురయ్యే సమస్య ఇది, ఫోటోలు ఇవి. మూడు నెలలు మీ దగ్గర దీని మీద పని చేయనిస్తారా?’ అంతే, పది లైన్లు దాటలేదు. జవాబు హెచ్ఆర్ నుంచి కాదు, ఆ మెషీన్ చూసే ఇంజినీర్ నుంచి వచ్చింది. ఇంకో రకం లైటు కింద తీసిన ఫోటోలు పంపగలవా అని అడిగాడు. అక్కణ్నుంచి మాటలు కలిశాయి.

నీకు జీడి ఫ్యాక్టరీ లేకపోవచ్చు. ఉద్దానంలో కొబ్బరి పీచు యూనిట్లున్నాయి, పైడిభీమవరంలో మందుల కంపెనీలున్నాయి, చాలా మండలాల్లో రైస్ మిల్లులున్నాయి. ఒకచోట పరిచయం చేసుకుని, మెషీన్ ఎక్కడ ఆగిపోతోందో నిలబడి చూడు. మనం రోజూ చూసేది కాబట్టి చిన్న విషయంలా ఉంటుంది కానీ, అక్కడ డిజైన్ చేసేవాళ్లకి అది దొరకని సమాచారం.

కంపెనీల పేర్ల కోసం మెషీన్లు చేసే కంపెనీలు పాల్గొనే పెద్ద ఎగ్జిబిషన్ల జాబితాలు చూడు. డ్యూసెల్‌డార్ఫ్‌లో ఇంటర్‌ప్యాక్, కొలోన్‌లో అనుగా ఫుడ్‌టెక్, హానోవర్ మెస్సే లాంటి వాటిలో స్టాల్ పెట్టేవాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లోనే ఉంటాయి. పెద్ద కంపెనీలను వదిలెయ్, వాళ్లు పోర్టల్‌లో అప్లై చేయమంటారు. జర్మన్ కంపెనీల వెబ్‌సైట్లలో ‘ఇంప్రెసుమ్’ అనే పేజీ ఉంటుంది. చట్టప్రకారం అందులో అడ్రస్, మెయిల్ ఐడీ ఇవ్వాల్సిందే.

ఇక వీసా. చిన్న కంపెనీలు ఎక్కువగా భయపడేది దీనికే, కాబట్టి మెయిల్‌లోనే ఒక లైను రాసెయ్. జర్మనీలో విదేశీ కాలేజీల విద్యార్థులు నాలుగు సెమిస్టర్లు పూర్తయ్యాక, తమ చదువుకు సంబంధించిన ఇంటర్న్‌షిప్ 12 నెలల వరకు చేయొచ్చు. దానికి వాళ్ల ఫెడరల్ ఎంప్లాయ్‌మెంట్ ఏజెన్సీ అనుమతి కావాలి. నువ్వు మూడో ఏడాదిలో ఉన్నావు కాబట్టి నాలుగు సెమిస్టర్ల షరతు నీకు సరిపోతుంది. నేను ఈ సంగతి చెప్పేదాకా మా కంపెనీవాళ్లకు తెలియదు, తెలిశాక టెన్షన్ తగ్గింది. అమెరికా అయితే ఇంటర్న్‌షిప్‌కి జె-1 అనే వీసా కావాలి, దానికి మధ్యలో స్పాన్సర్ సంస్థ ఉండాలి, ఖర్చెక్కువ. మొదటి ప్రయత్నానికి నేనైతే అటు వెళ్లను.

ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టమనేవాళ్లను అస్సలు నమ్మకు. మా క్లాస్‌మేట్ ఒకడు ఒక కన్సల్టెన్సీకి అలాగే కట్టాడు. వాళ్ల నాన్న దానికోసం అప్పు చేశారు. తలుచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది.

మెయిల్ మంగళ, బుధ, గురువారాల్లో వాళ్ల ఉదయానికి అందేలా పెట్టు. జర్మనీ టైము మనకంటే చలికాలంలో నాలుగున్నర గంటలు, ఎండాకాలంలో మూడున్నర గంటలు వెనక ఉంటుంది. ఆగస్టులో చాలామంది సెలవుల్లో ఉంటారు, క్రిస్మస్ ముందు కూడా అంతే. పది రోజులు చూసి ఒక్కసారి గుర్తుచెయ్, అంతకుమించి వద్దు.

హెచ్‌ఓడీ గారితో మాత్రం ఇప్పుడే మాట్లాడు. చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు కింద పంపుతారా, కాలేజీ లెటర్ ఎప్పుడిస్తారు అని తేల్చుకుని, ఆ తేదీలే మెయిల్‌లో రాయి. రాశాక పంపేముందు ఇక్కడ పెట్టు, చదివి చెప్తాను.