అమెరికాలో ఒక క్రైస్తవ యూనివర్సిటీలో ఎమ్మెస్ సీటొచ్చింది, మేం హిందువులం. అక్కడ మనలాంటివాళ్ళకి సాయం ఎలా ఉంటుంది?

చర్చికి బలవంతంగా పంపుతారేమోనని, ఇబ్బందొస్తే ఎవరు చూస్తారోనని అడిగారు. మతం గురించి మనవాళ్ళు అవసరానికి మించి భయపడతారు. దెబ్బ తగిలేది వేరేచోట. ఇలాంటి క్యాంపస్‌లలో ఆప్యాయంగా పలకరించేవాళ్ళు ఎక్కువ. ఆ చనువులో వీసా సంగతి కూడా వాళ్ళనే అడిగేస్తారు.

ముందు చాపెల్, అంటే క్యాంపస్‌లో జరిగే ప్రార్థన సభల సంగతి. ఇది బ్యాచిలర్స్ పిల్లలకు పెట్టే నియమం. టెక్సస్‌లో వేకో ఊళ్ళో ఉన్న బేలర్ యూనివర్సిటీ బాప్టిస్టులది (ప్రొటెస్టంట్లలో ఒక శాఖ), 1845 నాటిది. అక్కడ బ్యాచిలర్స్‌వాళ్ళకు రెండు సెమిస్టర్ల చాపెల్ ఉంటుంది. క్యాథలిక్ యూనివర్సిటీ నోటర్ డేమ్‌లో బ్యాచిలర్స్‌కి థియాలజీ (మతతత్వం) కోర్సులు రెండు తప్పవు. జెస్యూట్లు అనే క్యాథలిక్ గురువుల సంఘం పెట్టిన జార్జ్‌టౌన్‌లో అయితే హిందూ చాప్లిన్ (విద్యార్థుల ఆధ్యాత్మిక బాగోగులు చూసే గురువు) ఉంటారు, ధర్మాలయ పేరుతో ధ్యానమందిరం కూడా ఉంది. ఎమ్మెస్‌వాళ్ళను చాపెల్‌కి రమ్మనే చోట్లు తక్కువ. అయినా మీ యూనివర్సిటీ స్టూడెంట్ హ్యాండ్‌బుక్ తెరిచి ‘కమ్యూనిటీ కవనెంట్’ లేదా ‘కోడ్ ఆఫ్ కండక్ట్’ అన్న భాగం చదవండి. మందు, సిగరెట్టు, హాస్టల్ గదిలోకి ఎవరు ఏ వేళ రావచ్చు అన్నవి అందులో ఉంటాయి. కొన్నిచోట్ల బయట అద్దె ఇంట్లో ఉన్నా అవే వర్తిస్తాయి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. సస్పెన్షన్ పడితే క్లాసులుండవు, క్లాసులు లేకపోతే ఎఫ్-1 (విద్యార్థి వీసా) స్టేటస్ నిలవదు.

ఇక క్యాంపస్‌లో మీ స్టేటస్ మీద చెయ్యి వేసే అధికారం ఉన్నది డీఎస్ఓకి (డెసిగ్నేటెడ్ స్కూల్ అఫీషియల్) మాత్రమే. ఇంటర్నేషనల్ ఆఫీసులో మీ ఐ-20 (విద్యార్థి వీసాకి ఆధారమైన యూనివర్సిటీ పత్రం) మీద సంతకం పెట్టేది ఆయనో ఆవిడో. ప్రోగ్రామ్ మొదలైన 30 రోజుల్లోపు సెవిస్ అనే ప్రభుత్వ డేటాబేసులో మీ రిజిస్ట్రేషన్ నమోదు కావాలి. ఇల్లు మారితే 10 రోజుల్లో చెప్పాలి. ఫుల్‌టైమ్ లెక్కలో ఆన్‌లైన్ క్లాసు సెమిస్టర్‌కి ఒక్కటే, అదీ 3 క్రెడిట్ల వరకే చెల్లుతుంది. సీపీటీ (చదువులో భాగంగా బయట చేసే ఉద్యోగం) ఆమోదం ఐ-20 మీద ప్రింటయ్యాకే ఉద్యోగంలో అడుగుపెట్టాలి. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఆ డిగ్రీకి ఓపీటీ (చదివిన రంగంలో కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి) పోయినట్టే. ఓపీటీకి కోర్సు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల వరకు పెట్టుకోవచ్చు. కానీ డీఎస్ఓ సెవిస్‌లో సిఫారసు చేసిన 30 రోజుల్లోపు దరఖాస్తు అందాలి. ఈ 30 రోజుల గడువు దగ్గరే చాలామంది బోల్తా పడతారు.

చిన్న యూనివర్సిటీల్లో డీఎస్ఓలు ఒకరో ఇద్దరో ఉంటారు. ఆ ఒకరు సెలవులో ఉంటే ఎవరు సంతకం పెడతారో మొదటి వారంలోనే కనుక్కోండి. గుడ్ ఫ్రైడేకి, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఆఫీసులు మూసేస్తారు. డిసెంబరులో ఇండియా వచ్చేవాళ్ళు ఐ-20 మీద ట్రావెల్ సంతకం (తిరిగి అమెరికాలోకి రావడానికి కావాల్సింది) నవంబరులోనే పెట్టించుకోవాలి. చదివేటప్పుడు అది ఏడాది చెల్లుతుంది, ఓపీటీలో ఉంటే 6 నెలలే.

మానసికంగా నలిగిపోయినప్పుడు ఆప్యాయంగా వినేవాళ్ళకీ, అధికారం ఉన్నవాళ్ళకీ తేడా బాగా తెలుస్తుంది. చాప్లిన్ ఓపిగ్గా వింటారు, వెళ్ళండి, మీ మతం అడ్డు కాదు. ఆయన ‘ఒక సబ్జెక్టు వదిలెయ్ బాబూ’ అన్నా, ప్రొఫెసర్ సరేనన్నా, పోర్టల్లో డ్రాప్ మాత్రం నొక్కొద్దు. క్రెడిట్లు ఫుల్‌టైమ్ కంటే తగ్గేముందే డీఎస్ఓ అనుమతి సెవిస్‌లో ఎక్కాలి, తర్వాత చెబితే స్టేటస్ తప్పినట్టే లెక్క. ఆరోగ్య కారణమైతే ఉత్తరం డాక్టరు దగ్గర్నుంచో, లైసెన్సున్న క్లినికల్ సైకాలజిస్టు దగ్గర్నుంచో రావాలి. పాస్టర్ ఇచ్చిన ఉత్తరం, చర్చి కౌన్సెలర్ ఇచ్చిన ఉత్తరం దీనికి పనికిరావు. అందుకే క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అక్కడున్నవాళ్ళ లైసెన్సు ఏమిటో అడగండి. ఈ అనుమతి ఒక స్థాయి చదువుకి మొత్తం 12 నెలల దాకా దొరుకుతుంది.

సాయం చేసేవాళ్ళలో మూడోరకం చుట్టుపక్కల చర్చివాళ్ళు. ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురావడం, పాత మంచం, టేబులు ఇవ్వడం, థాంక్స్‌గివింగ్‌కి భోజనానికి పిలవడం, కారున్నవాళ్ళు సరుకులకి తీసుకెళ్ళడం. హోస్ట్ ఫ్యామిలీ ఫారం ఉంటే నింపండి, బస్సుల్లేని ఊళ్ళలో ఇది నిజంగా పెద్ద ఊరట. బైబిల్ స్టడీకి పిలుస్తారు. ఇష్టం లేకపోతే మొదటిసారే నవ్వుతూ ‘థాంక్స్, నేను రాను’ అనేయండి. ‘చూస్తాను’ అంటే ప్రతి వారం పిలుస్తారు, తప్పు వాళ్ళది కాదు. శాకాహారులైతే ‘వెజిటేరియన్’ అన్న మాట ఒక్కటీ చాలదు. చికెన్ నీళ్ళతో చేసిన సూపు, దక్షిణాదిలో బేకన్ వేసి ఉడికించిన బీన్సు వాళ్ళ కంటికి కూరగాయలే. ఏవేవి తినరో పేర్లు పెట్టి చెప్పండి.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. ‘మా పిల్లల్ని రెండు గంటలు చూసుకో, ఇరవై డాలర్లిస్తాం’ అని ఎవరో మంచి మనసుతోనే అంటారు. అది అనుమతి లేని ఉద్యోగం కిందికి వచ్చే ప్రమాదం ఉంది. గడ్డి కోసిపెడితే గది ఉచితమన్నా అంతే, డబ్బు చేతులు మారకపోయినా ప్రతిఫలం ప్రతిఫలమే. క్యాంపస్ ఉద్యోగం సెమిస్టర్‌లో వారానికి 20 గంటల వరకే. ఊళ్ళో చర్చిలో జీతానికి సౌండ్ సిస్టమ్ చూసుకోవడం ఆ లెక్కలోకి రాదు. మంచం, కుక్కరు ఊరికే ఇస్తే మాత్రం తీసుకోండి.

టాక్స్ దగ్గర కూడా వాలంటీర్లతో జాగ్రత్త. చర్చి హాళ్ళలో, లైబ్రరీల్లో ఉచితంగా రిటర్నులు వేసిపెట్టేవాళ్ళకు తెలిసింది ఎక్కువగా అమెరికావాళ్ళు వేసే 1040 ఫారం. మొదటి ఐదు క్యాలెండరు సంవత్సరాలు మీరు సాధారణంగా పన్ను లెక్కలో నాన్‌రెసిడెంటు, కాబట్టి వెయ్యాల్సింది 1040-ఎన్‌ఆర్. భారత్–అమెరికా పన్ను ఒప్పందం 21వ ఆర్టికల్ కింద మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది, చాలా దేశాలవాళ్ళకు అది లేదు. ఆ కాలంలో జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు కోస్తే పొరపాటున కోసినట్టే, పేరోల్‌ని అడిగి వెనక్కి తెచ్చుకోండి. ఏమీ సంపాదించకపోయినా, అమెరికాలో ఎన్ని రోజులున్నారో చెప్పే ఫారం 8843 పంపాలి. జీతం ఉన్నవాళ్ళకు గడువు ఏప్రిల్ 15. చాలా ఇంటర్నేషనల్ ఆఫీసులు నాన్‌రెసిడెంటు టాక్స్ సాఫ్ట్‌వేర్ కోడ్‌లు ఉచితంగా ఇస్తాయి, ఫిబ్రవరిలోనే అడగండి.