మందారం మీది మూడో పిట్ట

ప్రశ్న: మాది తిరుపతి. మిద్దె మీది మందారాలకు రోజూ పొద్దున చిన్న పిట్టలు వస్తున్నాయి. ఒకటి నల్లగా నిగనిగలాడుతుంది. ఇంకొకటి వీపున మట్టిరంగుతో, పొట్టన పసుపుతో ఉంటుంది. మూడోదీ అలాగే ఉన్నా గొంతు నుంచి పొట్ట దాకా నల్లటి చార ఉంది. న్యూజెర్సీలోని మా అమ్మాయి ఫొటోలు చూసి ఇవి హమ్మింగ్‌బర్డ్‌లేనంటోంది. వాళ్ల పెరట్లోకి ఎర్రగొంతు మగది, తెల్లగొంతు ఆడది వస్తాయట. మావి మూడు జాతులా?

జవాబు: అమ్మా, మీరు చూసినవి తేనెపిట్టలు. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాలలో తప్ప మరెక్కడా సహజంగా ఉండవు. పూతేనె తాగే అలవాటు వల్ల రెండింటికీ సన్నని ముక్కు వచ్చిందే గాని, వాటి మధ్య దగ్గరి చుట్టరికం లేదు. హమ్మింగ్‌బర్డ్ గాలిలో నిలిచి తాగుతుంది. మన తేనెపిట్ట ఎక్కువగా కొమ్మనో పూకాడనో పట్టుకుని వాలి తాగుతుంది, మందారం వంటి పెద్ద పూవైతే అడుగున పొడిచి తేనె లాగేస్తుంది.

మీ వర్ణనను బట్టి మూడూ ఒకే జాతివి, ఊదా తేనెపిట్టలు. నల్లనిది మగది. దాని నీలి, ఊదా మెరుపులు ఈకలోని అతి సూక్ష్మమైన పొరల మీద వెలుగు పడి పుట్టేవి కనుక, నీడలో అది ఉత్త నలుపుగానే కనిపిస్తుంది. చార లేని మట్టిరంగుది చాలావరకు ఆడదే.

చిక్కంతా మూడోదానితోనే. జతకట్టే కాలం ముగిశాక మగ తేనెపిట్ట మెరుపు ఈకలను చాలావరకు రాల్చుకుని ఆడదానిలా మారిపోతుంది, గొంతు కింది చార మాత్రం మిగులుతుంది. అయితే ఈ ఏడు పుట్టిన మగపిల్ల కూడా పెద్ద రంగులు వచ్చే ముందు అలాంటి చారతోనే తిరుగుతుంది. అందుచేత చారను చూసి ఆగిపోకుండా రెక్కను చూడండి. పెద్దదానికి ఈకలు మారినా రెక్కలు నల్లగా, భుజం దగ్గర నీలి మెరుపుతో ఉంటాయి. పిల్లదానికి అవి ఆడదానివలె గోధుమరంగులోనే ఉంటాయి. గూడు వదిలిన కొత్తలో దాని నోటి మూలల్లో మెత్తని పసుపు అంచు కూడా కనిపిస్తుంది.

మీ అమ్మాయికి కూడా ఒక మాట చెప్పండి. అక్కడి రూబీ థ్రోటెడ్ హమ్మింగ్‌బర్డ్‌లలో తెల్లగొంతువన్నీ ఆడవి కావు. ఆ ఏడు పుట్టిన మగవీ వేసవి చివర తెల్లగొంతుతోనే ఉంటాయి, కొన్నింటికి మాత్రం గొంతున ఒకటి రెండు ఎర్ర ఈకలు తొంగిచూస్తాయి. కాలికి రింగు వేసే పరిశోధకులు వయసు తేల్చడానికి ముక్కును భూతద్దంతో చూస్తారు: పిల్లవాటి ముక్కు మీద సన్నని గీతలుంటాయి, వయసు పెరిగేకొద్దీ అది నునుపు తేలుతుంది.

మన ప్రాంతంలో కూడా ఉండే పర్పుల్ రంప్డ్ సన్‌బర్డ్ అనే మరో జాతి తేనెపిట్టతో పొరబడకండి. దాని ఆడదానికి గొంతు బూడిద కలిసిన తెలుపు; మగది ఏడాది పొడుగునా తన రంగులోనే ఉంటుంది.

రేపు పొద్దుటి ఎండలో ఆ మూడోదాని భుజం గమనించండి. నీలి మెరుపు కనిపిస్తే అది పెద్ద మగదే. రోజూ చూస్తూ ఉంటే, చారకు రెండు పక్కలా నల్లని మచ్చలు ఒక్కొక్కటే పుట్టుకొచ్చి కలిసిపోవడం మీ మిద్దె మీదే చూడగలుగుతారు.