గన్నవరం టవర్‌కు వెళ్తున్న మేనకోడలికి

చిట్టితల్లికి,

మామయ్య ఆశీస్సులు.

ప్రయాగ్‌రాజ్‌లో నీ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ శిక్షణ పూర్తయిందనీ, గన్నవరం ఎయిర్‌పోర్టులోనే పోస్టింగ్ ఇచ్చారనీ అక్కయ్య నిన్న ఫోను చేసి చెప్పింది. సాయంత్రం దాకా కనిపించిన ప్రతివాళ్ళకూ ఆ మాట చెబుతూనే ఉన్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ప్రయాణికుల విమానాల గురించి నాకు బెంగ లేదు. అవి వేళకు వస్తాయి, పద్ధతిగా దిగుతాయి. వాటి దారిలోకి వచ్చే మిలిటరీ విమానాలు, హెలికాప్టర్ల గురించే నా భయమంతా.

గన్నవరంలో అవి ఎక్కడివి అనకు. బాపట్ల దగ్గర సూర్యలంకలో ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది. కొరిసపాడు దగ్గర జాతీయ రహదారి మీదే యుద్ధ విమానాల కోసం రన్‌వే కట్టి, 2022 డిసెంబరు 29న ట్రయల్ రన్ చేశారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు సైనిక హెలికాప్టర్లు ఆహార పొట్లాలు జారవిడిచాయి. కింద ఉన్న జనం వాటికి దండం పెట్టారు. అలాంటి రోజున ఆ హెలికాప్టర్లకు దారి చూపిస్తూనే హైదరాబాద్ విమానాన్నీ దించాల్సింది టవర్‌లో ఉన్న మనిషే. రేపు ఆ మనిషివి నువ్వు.

నోటామ్‌లు, అంటే విమానాలకు ఇచ్చే హెచ్చరిక నోటీసులు చదవడం, డ్యూటీ అప్పగింత శ్రద్ధగా వినడం నీకు నేర్పే ఉంటారు. వాటి గురించి రాయను. పైలట్ చెప్పే ఒక్క మాట గురించి రాస్తాను. 'కనిపిస్తోంది' అనే మాట.

2025 జనవరి 29 రాత్రి వాషింగ్టన్‌లో ఏం జరిగిందో చదివే ఉంటావు. ఇప్పుడు కంట్రోలర్ కుర్చీలో కూర్చున్నట్టు ఊహించుకుని మళ్ళీ చదువు. రీగన్ ఎయిర్‌పోర్టులో దిగడానికి ఒక జెట్ వస్తోంది. పోటోమాక్ నది వెంబడి అమెరికా సైన్యానికి చెందిన బ్లాక్ హాక్ హెలికాప్టర్ వస్తోంది. జెట్ వస్తోందని కంట్రోలర్ హెచ్చరించాడు. కనిపిస్తోంది, ఎడం మేమే చూసుకుంటాం అన్నారు హెలికాప్టర్ వాళ్ళు. కంట్రోలర్ సరే అన్నాడు. అక్కడితో రెండింటినీ విడిగా ఉంచే పని టవర్ చేతిలోంచి జారిపోయింది. ఆ క్షణానికి జెట్ ఇంకా మైళ్ళ దూరంలో ఉంది. దాని వెనక దిగడానికి వస్తున్న మిగతా విమానాల దీపాలూ ఆ చీకట్లోనే ఉన్నాయి. వాళ్ళు ఏ దీపాన్ని చూసి ఆ మాట అన్నారో ఎవరు చెప్పగలరు? చివరి క్షణాల్లో జెట్ వెనక నుంచి వెళ్ళమని కంట్రోలర్ చెప్పాడు. సరిగ్గా అప్పుడే హెలికాప్టర్‌లో మైకు మీట నొక్కి ఉండడంతో ఆ ముక్క వాళ్ళ చెవిన పడలేదని రికార్డులను బట్టి తేలింది. 200 అడుగులు దాటకూడని దారిలో హెలికాప్టర్ దాదాపు 278 అడుగుల ఎత్తున ఉంది. రెండు యంత్రాల్లో కలిపి 67 మంది పోయారు.

అంత కిందికి వచ్చాక, ఢీకొనే ముప్పును పైలట్‌కు చెప్పే టీకాస్ యంత్రం కూడా పైకి లే, కిందికి దిగు అని చెప్పదు తల్లీ. నేల దగ్గర ఆ ఆదేశాలు ఆగిపోయేలా దాన్ని తయారుచేశారు. విమానం రన్‌వేకు దగ్గరయ్యేకొద్దీ యంత్రం తప్పుకుంటుంది, నువ్వు మిగులుతావు. అందుకే చెబుతున్నాను. రూలు ఒప్పుకున్నా సరే, రాత్రిపూట 'కనిపిస్తోంది' అన్న మాటను నమ్మి చేతులు దులుపుకోకు. హెలికాప్టర్‌ను పక్కన ఆపు, విమానాన్ని దిగనివ్వు, ఆ తర్వాత దాటించు. ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనీ.

ఇంకో సంగతి. ఢీకొనే దారిలో ఉన్న విమానం పైలట్ ముందున్న కిటికీ అద్దంలో కదలదు. రోడ్డు దాటుతున్నప్పుడు మన మీదికే వచ్చే బస్సు చూపులో పక్కకు జరగకుండా పెద్దదవుతూ పోతుంది చూడు, అలాగే. కదిలేవాటి మీదే కన్ను పడుతుంది. కదలనిది దీపాల్లో ఒక దీపమై కలిసిపోతుంది.

నిన్ను తిట్టాల్సింది కూడా ఒకటుంది. ఏం చెప్పినా 'ఊఁ, తెలుసు మామయ్యా' అంటావు. ఏం తెలిసిందో తిరిగి చెప్పవు. టవర్‌లో నువ్వు ఎవరి దగ్గరా ఆ 'ఊఁ'ను ఒప్పుకోకూడదు. నేను బేగంపేట టవర్‌లో పనిచేసే రోజుల్లో మా సీనియర్ ఒకాయన మిలిటరీ విమానం స్ట్రిప్పును, అంటే దాని వివరాలు రాసిన కాగితపు పట్టీని, బోర్డు మీద మిగతావాటి కంటే కొంచెం బయటికి లాగి, వంకరగా పెట్టేవారు. హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ వాళ్ళు హాట్‌లైన్‌లో ఎత్తు, దిశ తిరిగి చెప్పేదాకా ఆయన చూపుడువేలు ఆ స్ట్రిప్పు మీద నుంచి లేచేది కాదు. ఉదయంపూట హకీంపేటలో కిరణ్ శిక్షణ విమానాలు ఎగిరే వేళకు ఆయన టీ కూడా తాగేవారు కాదు. నాకు ఈ పని ఆయన వేలిని చూస్తేనే అబ్బింది.

ఎత్తు చెప్పినప్పుడు అది దేని నుంచి కొలిచిందో కూడా అడుగు. మనం సముద్రమట్టం నుంచి లెక్కించే క్యూఎన్‌హెచ్ ఇస్తాం. కొన్నిచోట్ల మిలిటరీ వాళ్ళు రన్‌వే నుంచి లెక్కించే క్యూఎఫ్ఈ వాడతారు. గన్నవరం పల్లపు నేల కాబట్టి తేడా పెద్దగా తెలియదు. బేగంపేట సముద్రమట్టానికి 1,700 అడుగుల పైన ఉంది. అక్కడ ఇద్దరు పైలట్లు చెరో పద్ధతిలో 'మూడు వేల అడుగులు' అన్నారంటే ఇద్దరూ ఒకే ఎత్తున లేరన్నమాట. రేపు నిన్ను ఎక్కడికి బదిలీ చేస్తారో తెలియదు కదా.

1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర రెండు విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు. రెండూ పౌర విమానాలే. కానీ ఢిల్లీ ఆకాశంలో చాలా భాగం ఎయిర్‌ఫోర్స్‌ది కావడంతో వచ్చేవీ పోయేవీ ఒకే దారిలో ఎదురెదురుగా నడిచేవి. వాటి ఎత్తు కంట్రోలర్‌కు రాడార్ తెర మీద కనిపించేది కాదు. 15,000 అడుగుల వద్ద ఆగాల్సిన కజఖ్ విమానం కిందికి దిగిపోయింది. ఆ వారమంతా బేగంపేటలో మేము మాట్లాడుకున్నది తక్కువ.

వాషింగ్టన్ లెక్కల్లో నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇది. 2021 అక్టోబరు నుంచి 2024 డిసెంబరు దాకా అక్కడ హెలికాప్టర్లు, ప్రయాణికుల విమానాలు 15,214 సార్లు మరీ దగ్గరగా వచ్చాయి. వాటిలో 85 సార్లు అడ్డంగా 1,500 అడుగులు, నిలువుగా 200 అడుగులు కూడా ఎడం లేదు. అన్నీ నమోదైనవే, ఎవరూ కూడి చూడలేదు. నీ కళ్ళ ముందు అలాంటిది ఒక్కటి జరిగినా ఆ రోజే రిపోర్టు రాయి. ఎవరి పేరు పాడవుతుందోనని మొహమాటపడకు. ప్రమాదం జరిగిన రాత్రి వాషింగ్టన్‌లో హెలికాప్టర్లనూ విమానాలనూ ఒకే మనిషి చూశాడు. నిన్నూ ఇద్దరి పని చేయమంటే, కొత్తదానివని ఊరుకోకుండా ఆ మాట లాగ్‌బుక్‌లో రాయించు.

డ్యూటీకి ఖాళీ కడుపుతో వెళ్ళకు. చేరేలోగా ఒక ఆదివారం ఇంటికి రా. చార్టు తెచ్చుకో. సూర్యలంక, కొరిసపాడు, హెలిప్యాడ్‌లు ఎర్ర పెన్సిల్‌తో గుర్తుపెడదాం. అత్తయ్య నీకోసం గోంగూర పచ్చడి నూరి ఉంచుతానంటోంది.

మీ మామయ్య