వెల్లకిలా పడుకున్న పిల్లి పొట్ట నిమరొచ్చా?

పిల్లుల గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే అడుగుతున్నాయి: మా పిల్లి ఇలా పడుకుంటోంది, దీని అర్థమేంటి? ఒక్కో భంగిమకి ఒక్కో అర్థం రాసిపెట్టిన పట్టికలు చాలానే తిరుగుతున్నాయి గానీ వాటిని మేం పెద్దగా పట్టించుకోం. ముందు చూడాల్సినవి గది వేడి, ఊపిరి, ఆ పిల్లి రోజువారీ అలవాటులో వచ్చిన మార్పు. భంగిమ సంగతి ఆ తరవాత.

ప్రశ్న: మా పిల్లి నాలుగు కాళ్ళూ గాల్లో పెట్టి వెల్లకిలా నిద్రపోతుంది. ముద్దొచ్చి పొట్ట నిమిరితే చేతిని రక్కేస్తుంది. మామీద నమ్మకం ఉన్నట్టా, లేనట్టా?

ఉన్నట్టే. పొట్టకి పక్కటెముకల కాపలా లేదు కాబట్టి, చుట్టుపక్కల ముప్పు లేదనుకున్న పిల్లే దాన్ని అలా తెరిచి పడుకుంటుంది. కానీ 'ఇక్కడ నన్నెవరూ ఏమీ చెయ్యరు' అనుకోవడం వేరు, 'వచ్చి నిమరండి' అని పిలవడం వేరు. పొట్టకి చెయ్యి తగలగానే ముందుకాళ్ళతో పట్టేసి వెనకకాళ్ళతో రక్కడం పోట్లాటలో దానికి పుట్టుకతో వచ్చిన రక్షణ. అది కోపం కాదు, ఉలికిపాటు. ముట్టుకోవాలనిపిస్తే ముందు పేరు పెట్టి పిలవండి. కళ్ళు తెరిచాక మూతి దగ్గర వేలు పెట్టండి. తనంతట తాను చెంప రాస్తే చెంపలు, గడ్డం కింద, చెవుల మొదట్లో నిమరండి. రాయకపోతే వదిలేయండి.

వెల్లకిలా పడుకోవడానికి ఇంకో కారణం వేడి. పొట్ట మీద బొచ్చు పలచన, ఒంటి వేడి అక్కణ్ణుంచి తేలిగ్గా పోతుంది. అయితే పిల్లి ఒంటి మామూలు ఉష్ణోగ్రతే 38.1 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. మనకి ఉక్కపోసే 30 డిగ్రీలు దానికి హాయి. కాబట్టి పిల్లి మెత్తటి పరుపు మానేసి బాత్‌రూమ్ గచ్చు మీద సాగిలపడిందంటే గది బాగానే కాగుతోందన్నమాట. నోరు తెరిచి వగరుస్తూ, చొంగ కారుస్తూ ఉంటే అది వడదెబ్బ. నీడకి చేర్చి, ఒంటిని మామూలు నీళ్ళతో తడిపి, ఫ్యాన్ గాలి తగలనిచ్చి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఐసు నీళ్ళు పొయ్యొద్దు. చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుపోయి లోపలి వేడి లోపలే ఉండిపోతుంది.

ప్రశ్న: రోజంతా పడుకునే ఉంటుంది, కానీ చిన్న చప్పుడైతే చాలు లేస్తుంది. అసలు నిద్రపోతోందో లేదో ఎలా తెలుస్తుంది? ఒక్కోసారి నిద్రలో కాళ్ళు అదురుతాయి. ఫిట్స్ ఏమోనని భయం.

పెద్ద పిల్లి రోజుకి 12 నుంచి 16 గంటలు పడుకుంటుంది, పసికూనలూ ముసలివీ ఇంకా ఎక్కువ. అందులో చాలా భాగం కోడినిద్రే. చెవులు మాత్రం చప్పుడు వచ్చినవైపు తిరుగుతూనే ఉంటాయి.

లోతు తెలుసుకోవడానికి మెడ చూడండి. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో మిషెల్ జువే 1959లో పిల్లుల మీద చేసిన పరిశోధనల్లోనే, మెదడు మెలకువలో ఉన్నంత చురుగ్గా ఉన్నా మెడ కండరాలు పూర్తిగా వదులైపోయే నిద్ర దశ ఒకటుందని బయటపడింది. కలలొచ్చే నిద్ర అదే. ఆ దశలో పిల్లి తల నిలబెట్టలేదు. అంటే ముందుకాళ్ళు చాపి, తల ఎత్తి, కళ్ళు మూసుకుని కూర్చున్నది కునుకు తీస్తోంది తప్ప నిద్రపోవట్లేదు. తల దేనికో ఆనించి, పక్కకి ఒరిగి గానీ చుట్టచుట్టుకుని గానీ ఒళ్ళు వదిలేస్తేనే లోతు నిద్ర. భంగిమ చూసి ధీమాగా చెప్పగలిగిన విషయం మా లెక్కలో ఇదొక్కటే. చుట్టచుట్టుకున్న పిల్లి దిగులుగా ఉందనుకోనక్కర్లేదు, ఒంటి వేడి దాచుకుంటోందంతే.

కాళ్ళు, మీసాలు, తోక కొస చిన్నచిన్నగా, ఒక వరస లేకుండా అదరడం ఆ దశలో మామూలే. పేరు పెట్టి పిలిస్తే ఆగిపోతుంది, లేచి మామూలుగా చూస్తుంది. ఫిట్స్‌లో ఒళ్ళు కొయ్యబారుతుంది లేదా కాళ్ళు ఈదుతున్నట్టు లయగా కొట్టుకుంటాయి. పిలిస్తే పలకదు. చొంగ కారొచ్చు, ఉచ్చ పోయొచ్చు, తగ్గాక కాసేపు తడబడుతుంది. అప్పుడు నోట్లో వేలు పెట్టొద్దు. చుట్టూ తగిలే వస్తువులు తీసేసి ఫోన్‌లో వీడియో తీయండి, ఎంతసేపు ఉందో చూడండి. డాక్టర్‌కి మీ వర్ణన కంటే ఆ వీడియో ఎక్కువ పనికొస్తుంది. 5 నిమిషాలు దాటినా, వెంట వెంటనే మళ్ళీ వచ్చినా క్షణం ఆలస్యం చెయ్యొద్దు.

ప్రశ్న: కాళ్ళన్నీ ఒంటి కింద మడుచుకుని బ్రెడ్డు ముద్దలా కూర్చుంటుంది. కొందరు హాయిగా ఉన్నట్టంటారు, కొందరు నొప్పి అంటారు. ఏది నిజం?

రెండూ నిజమే కావడమే చిక్కు. దూరం నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

హాయిగా మడుచుకున్న పిల్లికి వీపు గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. పంజాలు లోపలికి ముడిచి ఉంటాయి, అంటే ఉన్నపళంగా పరిగెత్తే ఉద్దేశం లేదు. మెడ, భుజాలు వదులుగా ఉంటాయి. నొప్పితో ఉన్న పిల్లికి వీపు గూనిలా పైకి లేస్తుంది, పొట్ట నేలకి ఆననివ్వదు, పంజాలు నేల మీద మోపే ఉంటాయి, తల భుజాల కన్నా కిందికి వాలుతుంది. కళ్ళు మూసినట్టే ఉంటాయి గానీ నిద్ర ఉండదు. పొట్టలో, పేగుల్లో, మూత్రాశయంలో నొప్పి ఉన్నవి తరచూ ఇలా గంటల తరబడి కూర్చుంటాయి.

అనుమానం తీరకపోతే ముఖం చూడండి. మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో ప్రచురించిన ఫీలైన్ గ్రిమేస్ స్కేల్, అంటే పిల్లి ముఖం చూసి నొప్పికి మార్కులు వేసే పద్ధతి, దీనికే ఉంది. ఐదు చూడాలి: చెవులు పక్కలకి తిరిగి వాలాయా, కళ్ళు బిగించి చికిలించిందా, మూతి గుండ్రదనం పోయి బిగుసుకుందా, మీసాలు తిన్నగా ముందుకి పొడుచుకొచ్చాయా, తల భుజాల వరస కన్నా దిగిందా. లేకపోతే 0, కొంచెం ఉంటే 1, స్పష్టంగా ఉంటే 2. మొత్తం 10కి 4 అంతకన్నా ఎక్కువ వస్తే నొప్పికి మందు అవసరమని లెక్క. చాలామంది చేసే పొరపాటు ఏంటంటే నిద్రపోతున్న పిల్లి ఫొటో తీసి మార్కులు వేయడం. నిద్రలో కళ్ళెలాగూ మూతపడే ఉంటాయి కదా! మెలకువగా, తిండీ ఆటా లేకుండా ఊరికే ఉన్నప్పుడు, దాని జోలికి పోకుండా అర నిమిషం చూసి వేయాలి.

ప్రశ్న: నిద్రలో డొక్కలు గబగబా ఆడుతున్నట్టు అనిపిస్తుంది. ఎంత వేగం మామూలు?

గాఢంగా నిద్రపోతున్నప్పుడు నిమిషానికి 30 లోపు ఉండాలి. చాలా పిల్లులకి 15–25 మధ్యే ఉంటుంది. డొక్క ఒకసారి లేచి దిగితే ఒక ఊపిరి. లేవడం ఒకటి, దిగడం ఒకటి అని లెక్కేసి రెట్టింపు సంఖ్యతో బెదిరిపోయేవాళ్ళు ఎందరో. ఫోన్‌లో 30 సెకన్ల టైమర్ పెట్టుకుని లెక్కించి, వచ్చినదాన్ని రెండుతో గుణించండి. గుర్రుమంటున్నప్పుడు, కాళ్ళు అదురుతున్నప్పుడు, ఎండలో పడుకున్నప్పుడు, ఆడి వచ్చి అప్పుడే వాలినప్పుడు లెక్కించొద్దు, ఎక్కువ వస్తుంది. వారం పాటు రోజుకోసారి రాసిపెట్టుకుంటే మీ పిల్లి మామూలు అంకె తెలుస్తుంది. ఆ తరవాత దానికి మించి పెరిగినప్పుడు ఇట్టే పట్టుకోవచ్చు.

30 దాటితే ఒకట్రెండు గంటలాగి, మళ్ళీ నిద్రలోనే లెక్కించండి. అప్పుడూ అంతే ఉంటే అదే రోజు డాక్టర్‌కి చూపించండి. 40 దాటినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, మోచేతులు పక్కలకి విడదీసి మెడ చాచి కూర్చుని పడుకోవడానికే ఇష్టపడకపోయినా అత్యవసరం. పిల్లుల్లో ఎక్కువగా కనిపించే గుండె జబ్బు గుండె కండరం దళసరెక్కడం. స్టెతస్కోపులో ఏ తేడా వినిపించకుండానే అది ముదిరిపోవచ్చు, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరినప్పుడు ముందు బయటపడేది ఈ నిద్రలోని లెక్కలోనే. అందుకే భంగిమల పట్టికలన్నీ ఒక ఎత్తు, ఈ అర నిమిషం లెక్క ఒక ఎత్తు అంటాం.

ప్రశ్న: మా మగపిల్లి రెండు రోజులుగా లిటర్ ట్రేలోనే (ఉచ్చకి, దొడ్డికి పెట్టే ఇసుక పళ్ళెం) పడుకుంటోంది.

ఈ జవాబు చదివే లోపే ట్రేలో ఉచ్చ గడ్డలు ఉన్నాయో లేదో చూడండి. మాటిమాటికి కూర్చుని ముక్కుతూ, చుక్క కూడా రాకపోతే మూత్రనాళం మూసుకుపోయినట్టు. మగపిల్లికి ఆ నాళం సన్నం, తొందరగా పూడుకుంటుంది. పొటాషియం రక్తంలో పేరుకుని గుండె ఆగిపోవచ్చు. ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది కాబట్టి తెల్లారేదాకా ఆగకూడదు. పొట్ట నొక్కి చూడొద్దు. ఉచ్చ మామూలుగా వస్తుంటే మాత్రం భయం కారణం కావొచ్చు: కొత్త ఇల్లు, కొత్త జంతువు, దాక్కునే చోటు లేకపోవడం. ట్రే పక్కనే రెండువైపులా దారి ఉన్న అట్టపెట్టె పెట్టి చూడండి.

ప్రశ్న: 13 ఏళ్ళ పిల్లి. ఎప్పుడూ బీరువా మీద పడుకునేది, ఈ మధ్య నేల మీదే. వయసు కదా అని ఊరుకున్నాం.

ఊరుకోవద్దు. ఎక్కలేక మానేసిందేమో చూడాలి. ముసలి పిల్లుల్లో చాలా వాటికి కీళ్ళు అరిగి ఉంటాయి, కానీ కుక్కలా కుంటదు. దూకడం తగ్గిస్తుంది, ఒక్క గెంతుకి బదులు కుర్చీ మీంచి బల్ల మీదికి మెట్లుగా వెళ్తుంది, నడుము దగ్గర బొచ్చు నాక్కోలేక ఉండలు కడుతుంది. పక్క మార్చేటప్పుడు నిలబడి చాలాసేపు తిరిగి తిరిగి మెల్లగా వాలుతుంది. పాత చోటికి మధ్యలో గట్టి స్టూలు ఒకటో రెండో వేయండి, కదలకుండా. నేల మీద దళసరి పరుపు, చలిగాలి తగలని మూల. ట్రేకి ఒకవైపు అంచు తగ్గించండి. మనుషుల నొప్పి మాత్ర ఏదీ ఇవ్వొద్దు. పారాసిటమాల్‌ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు, ఒక్క మాత్ర చాలు చంపడానికి. ఇదే వయసులో నిద్ర తగ్గి, రాత్రుళ్ళు అరుస్తూ, బాగా తింటూనే చిక్కిపోతుంటే థైరాయిడ్‌కి రక్తపరీక్ష, రక్తపోటు రెండూ చూపించండి.

ప్రశ్న: పిల్లులు ఎడమవైపే ఎక్కువ పడుకుంటాయట, నిజమేనా?

2025లో 408 వీడియోలు పరిశీలించి వేసిన లెక్కలో ఇంచుమించు మూడింట రెండొంతులు ఎడమవైపు ఉన్నాయి. లేవగానే ఎడమ కంటి వైపు చూపుకి ఒళ్ళు అడ్డురాదు, అటు కనిపించేది కుడి మెదడుకి చేరుతుంది, ముప్పు పసిగట్టడంలో అది చురుకు, అని ఆ పరిశోధకుల ఊహ. మీ పిల్లి కుడివైపు పడుకుంటే దాని మనసులో ఏదో ఉందని కాదు.

ప్రశ్న: ఇంటికి తెచ్చి మూడు రోజులైంది, మంచం కిందే ముడుచుకుని ఉంటోంది. లాగి ఒళ్ళో పడుకోబెట్టుకుంటే అలవాటవుతుందా?

లాగితే ఆ మంచం కింద కూడా భద్రం కాదని నేర్చుకుంటుంది. నీళ్ళు, తిండి మంచం అంచు దగ్గర పెట్టి, ట్రే గదికి అవతలి మూల ఉంచండి. మీరు నేల మీద కూర్చుని మీ పని చూసుకోండి, దానివైపు తేరిపార చూడకండి. ముందు కళ్ళు మూసుకుని పడుకుంటుంది, తరవాత తల నేలకి ఆనుతుంది, కొన్నాళ్ళకి కాళ్ళు బయటికి చాస్తుంది. ఆ వరసలో వస్తుంటే తొందర లేదు. రాత్రి గిన్నెలో ఎంత పెట్టారో, పొద్దున ఎంత మిగిలిందో మాత్రం రోజూ తూచండి. 24 గంటలు ఏమీ తినకపోతే డాక్టర్‌కి ఫోన్ చేయండి. తిండి లేకుండా రోజులు గడిస్తే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లికి, కాలేయంలో కొవ్వు చేరి అది దెబ్బతింటుంది.