స్టాంప్ పేపర్ మీద రాసుకుంటే విడాకులు అయినట్టేనా?

ప్రశ్న: మా పెళ్లై ఆరేళ్లయింది. నాలుగేళ్ల పాప ఉంది. ఏడాదికి పైగా విడిగా ఉంటున్నాం. ఈమధ్య పెద్దమనుషుల్లో కూర్చుని, విడిపోయినట్టు స్టాంప్ పేపర్ మీద రాసుకున్నాం. నాకు ఐదు లక్షలు ఇస్తారు, పాప నా దగ్గరే ఉంటుంది, ఇకపై దాని ఖర్చులు అడగకూడదు అని రాశారు. నగలు ఇంకా అత్తగారింట్లోనే ఉన్నాయి. ఇద్దరి పేరుమీదా ఫ్లాట్, హోమ్ లోన్ ఉన్నాయి. ఇక కోర్టుకెందుకు అంటున్నారాయన. నిజమేనా?

జవాబు: కాదమ్మా. ఆ కాగితంతో మీ పెళ్లి రద్దు కాలేదు. హిందూ వివాహ చట్టం, 1955 ప్రకారం కోర్టు డిక్రీ (విడాకుల తీర్పు) కావాల్సిందే. కులాచారం ప్రకారం తీసుకునే విడాకులకు సెక్షన్ 29లో చోటుంది గానీ, అలాంటి ఆచారం ఉందని సాక్ష్యాలతో రుజువు చేసుకోవాలి. అది అందరివల్లా అయ్యే పని కాదు. డిక్రీ లేకుండా మీలో ఎవరు మళ్లీ పెళ్లి చేసుకున్నా అది చెల్లదు, పైగా నేరం.

ఇద్దరికీ ఇష్టమే కాబట్టి సెక్షన్ 13బి కింద ఫ్యామిలీ కోర్టులో మ్యూచువల్ పిటిషన్ వేయండి. ఏడాది విడిగా ఉండాలన్న షరతు మీకు తీరిపోయింది. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి, ఇద్దరూ మళ్లీ కోర్టులో అంగీకారం చెప్పే రెండో మోషన్‌కు వెళ్లాలి. తగిన కేసుల్లో కోర్టు ఆ గడువును మాఫీ చేయవచ్చని అమర్‌దీప్ సింగ్ కేసులో 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

డిక్రీ వచ్చేలోగా ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. అందుకే డబ్బు మాట నోటిమాటగా వదిలేయకండి. ఎప్పుడు ఎంత ఇస్తారో పిటిషన్‌లోనే రాయించండి. చివరి వాయిదా రోజు డీడీ మీ చేతికొచ్చాక, దాని నంబరు, తేదీ స్టేట్‌మెంట్‌లో ఎక్కించాకే సంతకం పెట్టండి. ఐదు లక్షలు సరిపోతాయా అంటే, ఆయన జీతమెంతో మీరు రాయలేదు. భరణం కోరితే ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ (ప్రమాణపత్రం) వేయాలని రజనేష్ కేసులో 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అంకె ఒప్పుకునే ముందే ఆ వివరాలు అడగండి.

పాప ఖర్చులు అడగకూడదన్న వాక్యం చూస్తే నాకు ఒళ్లు మండింది. పోషణ హక్కు బిడ్డది. తల్లిదండ్రులు దాన్ని బేరం పెట్టి వదులుకోలేరు. ఐదేళ్లలోపు పిల్లల్ని మామూలుగా తల్లి దగ్గరే ఉంచుతారు. తండ్రి ఎప్పుడెప్పుడు వచ్చి చూడాలో కూడా ఇప్పుడే రాసుకుంటే తర్వాత గొడవలుండవు.

నగలు మీ స్త్రీధనం, అంటే మీ సొంత ఆస్తి. భరణంలో కలిపేయనివ్వకండి. బిల్లులు, పెళ్లి ఫొటోలు ముందేసుకుని జాబితా రాయండి. చేతికి రాకముందే ‘నా వస్తువులన్నీ ముట్టాయి’ అనే లైను పిటిషన్‌లో ఉంటే కొట్టేయించండి. చాలామంది చదవకుండా సంతకం పెట్టేది దాని కిందే.

ఇక ఫ్లాట్. విడాకులైతే ఆస్తి చెరి సగం అనే చట్టం మన దగ్గర లేదు. మీ వాటా ఆయనకిస్తే రిజిస్టర్డ్ దస్తావేజు కావాలి. మీరిద్దరూ ఏం రాసుకున్నా బ్యాంకుకు సంబంధం లేదు. లోన్ నుంచి మీ పేరు తీసేసినట్టు బ్యాంకు లెటర్ ఇచ్చేదాకా ఈఎంఐ ఆగితే మిమ్మల్నీ అడుగుతారు.

ఆయన కోర్టుకు రానంటే, మీరుంటున్న ఊరి పరిధిలోని కోర్టులోనే సెక్షన్ 13 కింద మీరొక్కరే కేసు వేయవచ్చు. క్రూరత్వం లాంటి కారణం మాత్రం చూపాలి. కేసు నడుస్తుండగా సెక్షన్ 24 కింద మధ్యంతర భరణం కోరవచ్చు. ఆ స్టాంప్ పేపర్‌ను చించేయకుండా మీ లాయర్‌కు ఇవ్వండి. విడిగా ఉంటున్నారనడానికి అదొక సాక్ష్యంగా పనికొస్తుంది.