పైత్యరస నాళంలో తిత్తి: చిన్న గాట్లతో తొలగించవచ్చా?

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. ఏడాదిగా అప్పుడప్పుడు కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయేది. నులిపురుగులనుకొని మందు వేశాం. ఆమధ్య కళ్లు పచ్చబడితే పసరు పోయించాం, తగ్గింది. మళ్లీ నొప్పి రావడంతో స్కానింగు చేయించగా కోలెడోకల్ సిస్ట్ అని తేలింది. ల్యాపరోస్కోపీతో, అంటే చిన్న గాట్ల ద్వారా కెమెరా పంపి, ఆపరేషన్ చేస్తామంటున్నారు. లోపలి నీరు తీసేస్తే సరిపోదా? పాప కాస్త పెద్దయ్యాక చేయించకూడదా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, కామెర్లు తగ్గింది పసరు వల్ల కాదు, నాళంలోని అడ్డు తాత్కాలికంగా తొలగడం వల్ల. ఈ జబ్బులో కామెర్లు, నొప్పి ఇలాగే వచ్చి పోతుంటాయి కాబట్టే గుర్తించడం ఆలస్యమవుతుంది.

కాలేయంలో తయారైన పైత్యరసాన్ని చిన్నపేగుకు చేర్చే నాళం పుట్టుకతోనే ఉబ్బి తిత్తిలా మారడమే ఈ జబ్బు. ఆడపిల్లల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. పైత్యరస నాళం, క్లోమనాళం (జీర్ణరసాన్ని తయారుచేసే క్లోమం, అంటే పాంక్రియాస్ నుంచి వచ్చే నాళం) మామూలుగా పేగు గోడలో కలుస్తాయి. ఈ పిల్లల్లో చాలామందికి అవి పేగుకు ముందే కలిసిపోవడంతో క్లోమరసం పైకి ఎగదన్ని నాళం గోడను దెబ్బతీస్తుంది. అందుకే నీరు తీసినంత మాత్రాన ప్రయోజనం ఉండదు. పూర్వం తిత్తిని అలాగే ఉంచి పేగుకు కలిపి కుట్టేవారు. అలా మిగిలిన తిత్తిలో రాళ్లు, ఇన్‌ఫెక్షన్లు, కొందరిలో ఏళ్ల తరువాత క్యాన్సర్ కూడా రావడంతో ఆ పద్ధతిని మానుకున్నారు.

ఇప్పుడు ఉబ్బిన నాళాన్ని, పిత్తాశయాన్ని (పైత్యరసం నిల్వ ఉండే సంచిని) పూర్తిగా తొలగించి, చిన్నపేగులో ఒక పాయను పైకి తెచ్చి కాలేయం నుంచి వచ్చే నాళానికి కలుపుతారు. ఆ తరువాత పాప అందరిలాగే తిని ఎదుగుతుంది. ఇటలీలో ఆరేళ్ల పాపకు ల్యాపరోస్కోపీతో ఈ ఆపరేషన్ చేసిన సంగతి 1995లో వెలువడింది. బొడ్డు దగ్గర ఒకటి, పొట్టపై మరి రెండు మూడు చిన్న గాట్లు పెట్టి, 3 నుంచి 5 మిల్లీమీటర్ల పరికరాలతో పని పూర్తి చేస్తారు. నొప్పి, మచ్చ తక్కువ. కెమెరాలో లోపలి భాగాలు పెద్దవిగా కనిపిస్తాయి.

అయితే అసలు విషయం గాటు పరిమాణం కాదు. తిత్తి వెనుకే కాలేయానికి వెళ్లే పెద్ద రక్తనాళాలుంటాయి. తిత్తి కింది కొసను ఎక్కువ వదిలితే అందులో రాళ్లు చేరవచ్చు, మరీ కిందికి కోస్తే క్లోమనాళానికి గాయం కావచ్చు. పైన వేసే అతుకు ఇరుకైతే కామెర్లు తిరగబెడతాయి. కనుక పిల్లల్లో ఈ ఆపరేషన్‌ను ఎన్నిసార్లు చేశారో సర్జన్‌ను మొహమాటపడకుండా అడగండి. వాపు వల్ల తిత్తి చుట్టుపక్కల భాగాలకు అతుక్కుపోయి ఉంటే మధ్యలో పొట్ట తెరవాల్సి రావచ్చు. అది పాప క్షేమం కోసం తీసుకునే సరైన నిర్ణయమే.

పెద్దయ్యే దాకా ఆగవద్దు. ప్రస్తుతం జ్వరం గానీ, క్లోమం వాపు గానీ ఉంటే ముందు దాన్ని తగ్గించి, ఆపై ఆపరేషన్‌కు తేదీ పెట్టుకుంటారు. ఈలోగా జ్వరంతో కళ్లు పచ్చబడినా, మలం సున్నంలా తెల్లగా వచ్చినా, వాంతులు ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అతుకు ఇరుకవడం ఏళ్ల తరువాత కూడా జరగవచ్చు కాబట్టి, పాప పెద్దయ్యాక కూడా డాక్టర్ చెప్పిన గడువుల్లో రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ చేయిస్తూనే ఉండాలి. ఆపరేషన్ కాగితాలు జాగ్రత్తగా దాచి, పెద్దయ్యాక ఆమె చేతికే ఇవ్వండి.